కథలో ఓడితే పోయేదేమిటో ఎంతవరకు విడమరచి చెప్పాలి?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన కథలో ఒక తండ్రి కూతురి పెళ్ళి కోసం ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టి 2 లక్షలు తెస్తాడు. మొదటి డ్రాఫ్ట్ చదివిన స్నేహితుడు "బాగుంది గానీ టెన్షన్ లేదు" అన్నాడట. దాంతో ఆ ఇల్లు పోతే కుటుంబం ఏమైపోతుందో ఇంకో రెండు పేజీలు రాసి కలిపారు. అది చదివిన మేనత్తగారు "పాఠం చెప్పినట్టుంది నాయనా" అన్నారట. "ఇంతకీ ఎంత చెప్పాలి, ఎంత వదిలెయ్యాలి?" అని అడుగుతున్నారు. కొత్తగా కలిపిన పేజీల్లోంచి ఒక పేరా కూడా పెట్టారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పోయేది ఏమిటో పూర్తిగా చెప్పండి. పోతే ఎంత బాధో చెప్పకండి. మొదటిది పాఠకుడికి అందాల్సిన సమాచారం. అది తొందరగా, తేలిక మాటల్లో, ఒక్కసారి రావాలి. రెండోది పాఠకుడు తనంతట తాను పడాల్సింది, మనం రాసి ఇవ్వలేం.

నేను ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో ఉంటాను. ముప్ఫై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. కొన్నేళ్ళుగా ఇటు కాశీనగరం, గుణుపురం, అటు పాతపట్నం వైపు రాసే పిల్లల డ్రాఫ్టులు కూడా చదివి పెడుతున్నాను. "టెన్షన్ లేదు" అనే మాట పడ్డ డ్రాఫ్టుల్లో ఎక్కువ భాగం మీరు చేసినట్టే పెరుగుతాయి. సమాచారం తక్కువైన చోట కన్నీళ్ళు కలుస్తాయి. మీ స్నేహితుడు చెప్పిందీ నిజమే, మీ మేనత్తగారు చెప్పిందీ నిజమే. వాళ్ళిద్దరూ రెండు వేరువేరు లోపాలు పట్టుకున్నారు.

మీ మొదటి డ్రాఫ్టులో నాకు తెలియనివి ఇవి: డబ్బు ఎప్పటిలోగా కట్టాలి? కట్టకపోతే ఇల్లు వెంటనే పోతుందా, ఇంకా గడువు ఉంటుందా? షావుకారు ఎలాంటివాడు, ఇదివరకు ఎవరి ఇల్లయినా తీసుకున్నాడా? తాకట్టు సంగతి భార్యకి తెలుసా? ఇవి తెలియకుండా "ఇల్లు తాకట్టు పెట్టాడు" అని చదివితే నేను భయపడలేను. ఊళ్ళో తాకట్టు పెట్టిన ఇళ్ళు బోలెడు. చాలావరకు విడిపించుకుంటూనే ఉంటారు.

రెండో డ్రాఫ్టులో మీరు కలిపింది "ఈ ఇల్లు పోతే వాళ్ళ బతుకంతా చీకటే" లాంటి వాక్యాలు. అందులో నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

వడ్డీ లెక్క రాయండి. సిగ్గుపడకండి, కథలో లెక్కలేమిటని అనుకోకండి. నూటికి 3 రూపాయల వడ్డీ అనుకుందాం. 2 లక్షలకి నెలకి 6,000. మీ కథలో తండ్రి బట్టల కొట్లో గుమస్తా కాబట్టి అతని జీతం 9,500 అనండి. ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో పడితే చాలు. మిగిలేది 3,500 అని మీరు రాయనక్కర్లేదు, పాఠకుడు వేలు మడిచి లెక్కేస్తాడు. వేశాక ఆ 3,500తో నెలంతా ఎలాగా అని వాడికే దిగులు పట్టుకుంటుంది. తన లెక్కలోంచి వచ్చిన దిగులు కాబట్టి అది మీ చీకటి వాక్యం కన్నా గట్టిగా ఉంటుంది.

ఆ తర్వాత గడువు. మీ ఊరికి రథయాత్ర ఎంత పెద్ద పండగో మీకు నేను చెప్పాలా? "రథయాత్ర నాటికి అసలూ వడ్డీ కట్టకపోతే ఇల్లు తనదేనని షావుకారు కాగితం రాయించుకున్నాడు. దాని మీద భార్య వేలిముద్ర కూడా పడింది." రెండు వాక్యాలు. ఏం పోతుందో, ఎప్పుడు పోతుందో, వెనక్కి తీసుకోవడం కుదురుతుందో లేదో, ఇంట్లో ఎవరెవరు ఇందులో ఉన్నారో అన్నీ వచ్చేశాయి. ఇక ఆ కథలో రథం చెక్కలు కోసిన చప్పుడు వినిపించినా గడువు గుర్తొస్తుంది. గుర్తుచెయ్యడానికి మీరు ఇంకో వాక్యం ఖర్చుపెట్టనక్కర్లేదు.

మనవాళ్ళకి ఈ విద్య కొత్తది కాదు. భారతంలో జూదం చూడండి. రెండోసారి ఆడినప్పుడు షరతు ఎంత వివరంగా పెట్టారో! ఓడినవాళ్ళు 12 ఏళ్ళు అడవిలో ఉండాలి, పదమూడో ఏడు ఎవరికీ తెలియకుండా బతకాలి, ఆ ఏడు బయటపడితే మళ్ళీ 12 ఏళ్ళు. పాచికలు పడకముందే ఇదంతా విప్పి చెప్పేశారు. దాచింది ఏమీ లేదు. ఇక విరాటపర్వానికి రండి. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నాడు. వంటవాడి వేషంలో ఉన్న భీముడు పక్కనున్న చెట్టు వైపు చూశాడు, పెరికి అందరినీ మోదేద్దామని. ధర్మరాజు అతన్ని ఆపింది ఎలా? కట్టెలు కావాలంటే ఇంకెక్కడా చెట్లు లేవా అన్నట్టు మాట్లాడి ఆపాడు. ఆ సభలో ఎవరూ "మనం బయటపడితే మళ్ళీ 12 ఏళ్ళు" అని పలకలేదు, పలికితే బయటపడిపోతారు. అయినా వినేవాడి గుండె గొంతులోకి వస్తుంది, ఎందుకంటే షరతు ఎప్పుడో సభాపర్వంలోనే చెవిన పడింది. షరతు చెప్పింది నన్నయ, దాని వేడి మనకి తగిలేది తిక్కన చేతిలో. మధ్యలో ఒక పర్వమంతా గడిచినా ఆ వేడి చల్లారలేదు. ముందు స్పష్టంగా చెప్పి ఉంటే, తర్వాత చెట్టు గురించి మాట్లాడినా చాలు.

మీ కథలో ఆ చెట్టు ఏది? మీ పేరాలో ట్రంకు పెట్టె ఉంది. పట్టా అందులో ఉండేది కాబట్టి ఆవిడ రోజూ రాత్రి తాళం చూసుకుని పడుకునేది అని రాశారు. చాలా మంచి వివరం. తాకట్టు తర్వాత ఒక రాత్రి ఆ పెట్టెకి తాళం లేకుండా ఉండనివ్వండి. ఎందుకు లేదో చెప్పకండి.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, అటు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా బంధువుల తోట కూడా పోయింది. నెల తిరక్కుండా కథ రాశాను. ఒక ముసలి రైతు పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ఉంటాడు, నేను ఒకటిన్నర పేజీ పాటు అతని నష్టం గురించి రాశాను. కన్నబిడ్డల్లా పెంచిన చెట్లు, తరాల కష్టం, కడుపుకోత, అన్నీ ఉన్నాయి. రాసేటప్పుడు నాకు ఏడుపు వచ్చింది కూడా. పత్రిక వాళ్ళు తిప్పి పంపారు. నాకు కోపం వచ్చింది, ఇంత నిజమైన బాధని వద్దంటారా అని.

ఏడాది తర్వాత తీసి చదివితే అర్థమైంది. ఆ ఒకటిన్నర పేజీలో ఉన్నది నా ఏడుపు, పాఠకుడికి అందులో చోటు లేదు. మొత్తం కొట్టేసి రెండు విషయాలు ఉంచాను. ఆయన వయసు 71. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన కుర్రాడు కొబ్బరి మొక్కలు ఇస్తూ, "దేశవాళీ రకం తాతా, ఆరేడేళ్ళలో కాపుకొస్తుంది" అంటాడు. ఆయన మొక్కలు తీసుకుని, ఎన్ని అడుగుల గొయ్యి తియ్యాలని అడుగుతాడు. అంతే. ఈసారి కథ అచ్చయింది. ఫోన్ చేసిన పాఠకులు ఎక్కువమంది ఆ గొయ్యి గురించే మాట్లాడారు. కథలో ఎక్కడా "ఆయన ఆ కాయలు చూస్తాడో లేదో" అన్న వాక్యం లేదు. వాళ్ళు మాత్రం అదే మాట నాతో అన్నారు.

కొబ్బరి ఎన్నేళ్ళకి కాస్తుందో చెప్పకుండా వదిలేసి ఉంటే మాత్రం హైదరాబాదు పాఠకుడికి ఏమీ అంది ఉండేది కాదు. అందుకే "చెప్పకండి, చూపించండి" అని గుడ్డిగా సలహా ఇచ్చేవాళ్ళ మాట నేను వినను. కొన్ని చెప్పి తీరాలి.

ఇక్కడ, సరిహద్దులో రాసేవాళ్ళకి ఇది రెట్టింపు నిజం. మనకి తెలిసినవి బయట తెలుగువాళ్ళకి తెలియవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు పడింది, మహేంద్రతనయ నది అవతల పాతపట్నం అటు ఉండిపోయింది. ఆ గీత మన ఇళ్ళల్లో రోజూ చేసే పని బయటివాళ్ళకి ఊహకందదు. నా దగ్గరికి వచ్చిన ఒక కథలో, పర్లాకిమిడిలో చదివిన తెలుగమ్మాయికి ఆంధ్రాలో సీటు రాదు. రాసినామె మా ఊరి పిల్లే, "సర్టిఫికెట్ చూసి గుమస్తా తల అడ్డంగా ఊపాడు" అని రాసి ఊరుకుంది. మా ఊళ్ళో చదివితే కళ్ళు చెమరుస్తాయి. విజయవాడలో చదివితే, ఏమైంది, ఏదో కాగితం తక్కువైనట్టుంది అనుకుంటారు. అక్కడ ఆంధ్రాలో 85 శాతం సీట్లు స్థానికులకేనని, స్కూలు చదువంతా ఒడిశాలో సాగిన పిల్ల తెలుగు మాట్లాడినా వాళ్ళ లెక్కలో నాన్ లోకలేనని ఒక్క వాక్యం ఉండాలి. అదీ గుమస్తా గది కన్నా ముందే, ఇంట్లో బయల్దేరేటప్పుడు తండ్రి నోట ఏదో విసుగులో రావాలి. అప్పుడే తల అడ్డంగా ఊపడానికి అర్థం ఉంటుంది.

మీ కథలో "ఘరబారి పట్టా" అని రాశారు. మనకి అది రోజూ వినే మాట. శ్రీకాకుళం దాటితే ఎవరికీ తెలియదు. తీసెయ్యకండి, ఆ మాటలో మన ఊరు ఉంది. "ఇంటిస్థలమని సర్కారు రాసిచ్చిన ఘరబారి పట్టా" అంటే సరిపోతుంది.

ఇంకో మాట. మన కథల్లో పోయేదాని పేరు చాలాసార్లు "పరువు". మీ పేరాలోనూ ఉంది. "పరువు పోతుంది" అని రాస్తే నా వరకు ఇంకా ఏమీ రాయనట్టే. ఎవరి ముందు పోతుంది? ఆ మనిషి కథలోకి రావాలి, పేరుతో, ముఖంతో. తోడల్లుడు ఉన్నాడనుకోండి. అతనికి బరంపురంలో రెండంతస్తుల ఇల్లు. ప్రతి పెళ్ళిలోనూ పక్కన కూర్చుని, "ఏమన్నయ్యా, ఇంకా ఆ పెంకుటిల్లేనా?" అని నవ్వుతూ అడుగుతాడు. ఆ మాట రెండో పేజీలో ఒక్కసారి అననివ్వండి. ఇక ఆ పెంకుటిల్లు కూడా పోతే వచ్చే పెళ్ళిలో అతను ఏమడుగుతాడో అని పాఠకుడే బిగుసుకుపోతాడు. పరువు అన్న మాట మీ కథలో ఒక్కసారి కూడా రానక్కర్లేదు.

పాత్రకి తెలియనిది పాఠకుడికి తెలిసి ఉండటం గురించి కూడా చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి ఎంతమంది వెళ్తారో మన దగ్గర అందరికీ తెలుసు. బరంపురం దగ్గర పల్లెలోంచి ఒక కుర్రవాడు అలాంటి కొడుకు గురించి కథ రాశాడు. కొడుకు 2020లో ఉగాదికి ఇంటికి రావాలి. మొదటి డ్రాఫ్టులో లాక్‌డౌన్ ఎంత ఘోరమో, కూలీలు ఎన్ని పాట్లు పడ్డారో మూడు పేజీలు ఉంది. నేను అవి తీసేయించి, మొదటి వాక్యంలో తేదీ పెట్టమన్నాను. "మార్చి 20." తల్లి వాకిలి అలుకుతూ ఉంటుంది. కొడుకు ఫోన్ చేసి టికెట్ 23కి దొరికిందంటాడు. ఆ ఏడు ఉగాది మార్చి 25, లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. దానికి మూడు రోజుల ముందే, 22నే, రైళ్ళు ఆపేశారు. ఆవిడ కొత్త చింతపండు కొంటుంది, వేపపూత ఎక్కడ బాగుందో చూసి పెట్టుకుంటుంది. చదివేవాడికి ఒక్కో వాక్యం ఒక్కో పోటు. ఆవిడ సంతోషం గురించి తప్ప ఇంకేమీ రాయలేదు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఆ తేదీ ఇవాళ్టి పాఠకుడికి పనిచేస్తుంది. పాతికేళ్ళ తర్వాత చదివే పిల్లలకి మార్చి 20 అంటే మామూలు రోజే. కథ అప్పటికీ నిలవాలనుకుంటే ఎక్కడో ఒక చోట రైళ్ళ మాట రావాలి. ఆ కుర్రవాడు పక్కింటి టీవీలో వార్త వినిపించేలా చేశాడు. తల్లికి సగమే వినిపిస్తుంది. నాకు అది బాగా నచ్చింది.

ఫోన్లో వారం వారం వచ్చే సీరియల్ రాసేవాళ్ళ సంగతి వేరు. పాఠకుడు ఏడు రోజుల తర్వాత తిరిగొస్తాడు, గడువు మర్చిపోతాడు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో ఒక వాక్యంతో గుర్తుచెయ్యడం తప్పు కాదు. దెయ్యాల కథలు, మంత్రాల కథలు అయితే నియమాలు ఇంకా వివరంగా కావాలి. అప్పు తీర్చకపోతే ఏమవుతుందో అందరికీ కొంత తెలుసు గానీ, ఆ మంత్రం తప్పితే ఏమవుతుందో మీరు చెబితే తప్ప తెలియదు.

ఇక చివర్లో, ఇల్లు నిజంగానే పోయాక ఎంత రాయాలి? మీ రెండో డ్రాఫ్టులో అద్దె ఇల్లు, తండ్రి జబ్బు, కొడుకు చదువు మానెయ్యడం, అన్నీ వరసగా ఉన్నాయి. అవన్నీ జరగొచ్చు. కానీ అన్నీ రాస్తే దేనికీ బరువు ఉండదు. పోయాక వచ్చే మొదటి చిన్న పని దగ్గర ఆపండి. ఆ కుటుంబం ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చే క్షణం అన్నమాట. ఎవరి కోసం ఇల్లు పోయిందో ఆ కూతురికి ఈ సంగతి తెలియదు కదా. దసరాకి వస్తున్నానని ఫోన్ చేస్తుంది, అల్లుడు కూడా వస్తున్నాడని. తల్లి "రండమ్మా" అంటుంది. ఫోన్ పెట్టేశాక మొగుడూ పెళ్ళాం ఎవరి వైపు వాళ్ళు చూస్తూ కూర్చుంటారు. ఎక్కడికి రమ్మన్నట్టు? నేనైతే అక్కడ కలం దించేస్తాను. జబ్బులూ చదువులూ పాఠకుడికి వాటంతట అవే కనిపిస్తాయి.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. కథ సగం వరకు ఒకరి చేత చదివించి ఆపుతాను. "ఇతను ఓడితే ఏం పోతుంది?" అని అడుగుతాను. తన సొంత మాటల్లో ఒక్క ముక్కలో చెప్పగలిగితే సరిపోయినట్టే. "ఏదో కష్టం వస్తుంది" అంటే నేను తక్కువ చెప్పాను. నా వాక్యాలే నాకు అప్పజెబితే ఎక్కువ చెప్పాను, అరటిపండు ఒలిచి నోట్లో పెట్టాను. పది పేజీల కథయితే రెండో పేజీ దాటకుండా ఈ జవాబు దొరకాలి. ఎప్పుడూ చదివేవాళ్ళనే కాకుండా మీ మేనత్తగారి లాంటి వాళ్ళనే అడగండి, వాళ్ళు మొహమాటపడరు.

ఆ రెండు పేజీలూ పారెయ్యకండి. అందులో ఒక వాక్యం ఉంది, మీరు గమనించారో లేదో. తాతగారు ఆ ఇంటి పెంకుల్ని నౌపడా నుంచి చిన్నరైల్లో తెప్పించారని, దించేటప్పుడు పగిలిన పన్నెండు పెంకుల్ని కూడా పారెయ్యకుండా పెరట్లో మొక్కల మడికి గట్టుగా పెట్టుకున్నారని రాశారు. ఆ రైలు పట్టాల పక్కన పెరిగినవాణ్ణి నేను, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇప్పుడు అది తొమ్మిదో పేజీలో, చీకటి అన్న మాటకి కింద ఉంది. దాన్ని రెండో పేజీకి తెచ్చి, ఆవిడ వేలిముద్ర వెయ్యడానికి ముందు పెట్టండి. చుట్టూ ఉన్న మిగతావి కొట్టేసి మళ్ళీ ఒకసారి పెట్టండి, చదువుతాను.